అక్క తలంటు పోసిన రాయి

మొన్న మనవరాలి స్కూల్ వాళ్లు పిల్లల్ని యూనివర్సిటీ మ్యూజియానికి తీసుకెళ్తూ, తోడుగా పెద్దవాళ్లు కావాలంటే నేనూ బస్సెక్కాను. పిల్లలంతా డైనోసార్ ఎముకల వైపు పరుగెత్తారు కానీ, ఒక గాజు పెట్టె ముందు నా కాళ్లు ఆగిపోయాయి. లోపల గోరంత రాతి పలక, కింద ‘చాండ్లర్‌లో పడిన ఉల్క’ అన్న చీటీ. ఆ పలకను కోసింది నేనే.

ఇక్కడి నుంచి ఇండియాకి ఫోన్ చేయాలంటే కార్డు గీకి నంబరు చూసుకునే రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. అప్పట్లో నేను యూనివర్సిటీ ల్యాబ్‌లో, ఆకాశం నుంచి పడ్డాయంటూ జనం తెచ్చే రాళ్లను పరీక్షించేదాన్ని. అన్నీ ఇనుప చిట్టెం, తారు ముద్దలే. ఒకావిడైతే పాపం బార్బెక్యూ బొగ్గును పట్టుగుడ్డలో చుట్టి తెచ్చింది. వచ్చినవాళ్ల ఆశ మీద నీళ్లు చల్లడమే నా ఉద్యోగమని మా బావగారు ఏడిపించేవారు.

అలాంటి మనిషి ఒకరోజు సెలవు పెట్టి, తనే రాయి పట్టుకొని వచ్చారు. అంతకు కొన్ని నెలల ముందే వాళ్ల ఒక్కగానొక్క కూతురు జ్వరం మెదడుకెక్కి, వారం తిరగకుండా పోయింది. ఆ తరువాత కొద్దిరోజులకే చాండ్లర్‌లో వాళ్లింటి పెరటి వసారా కప్పు పగలగొట్టుకొని ఈ రాయి పడిందట. పిల్లే తిరిగొచ్చిందని మా అక్క పట్టుబట్టి కూర్చుంది.

“టెస్ట్ చేసి, ఉత్త రాయేనని చెప్పమ్మా. నీ మాటైతే వింటుంది,” అన్నారు బావగారు.

ఏం చెప్పను! కోసి చూస్తే లోపల ఇనుప రేణువులు తళతళలాడాయి. అది నిజంగానే ఉల్క. కాకపోతే అప్పుడే పైనంతా తుప్పు, నువ్వుల నూనె వాసన. అక్క పూజ చేస్తోంది కాబోలనుకొని, పలకను ల్యాబ్‌లో ఉంచి, ఆ ఆదివారం రాయి తిరిగి ఇవ్వడానికి వెళ్లాను. అక్క స్నానాల గదిలో పీట వేసి, రాయికి నూనె రాసి, సున్నిపిండితో రుద్ది, పిల్లకి ప్రతి ఆదివారం పోసినట్టే గోరువెచ్చటి నీళ్లతో తలంటు పోసింది. నీళ్లు తగిలితే తుప్పుపట్టి పొడైపోతుంది, పొడిగా పెట్టెలో పెట్టి సీల్ చేద్దామని బతిమాలాను.

“పిల్లని స్నానం లేకుండా పెట్టెలో పెట్టి ఎట్లా మూసేయమంటావే?” అంది.

తలంటు ఏళ్ల తరబడి సాగింది. రాయి పొరలు పొరలుగా విచ్చి, చివరికి తువ్వాల్లో ఎర్రటి పొడి మిగిలింది. ఆ రోజు ఫోన్ చేసి, “నాకు రెండోసారి పోయిందే,” అని పెట్టేసింది. ఇప్పుడు అక్కా లేదు.

ఈ రోజుల్లో రాయి దొరికితే ల్యాబ్ దాకా రానక్కర్లేదు, ఫొటో తీస్తే ఫోనే ఏదో ఒకటి చెప్పేస్తుంది. ఏ ఇంట్లో ఏ రాయిని ఎవరు ఎందుకు దాచుకున్నారో ఎవరికీ తెలియదు.

“అమ్మమ్మా, బస్ వెళ్లిపోతుంది, కమాన్,” అని మనవరాలు చెయ్యి లాగుతోంది. నేను చెప్పినట్టే పొడిగా ఉంచారు కాబట్టి ఆ పలక చెక్కుచెదరలేదు, కోసిన నాటిలాగే మెరుస్తోంది. ఇన్నేళ్లలో దానికి ఒక్క ఆదివారమైనా ఎవరూ తలంటు పోయలేదు కదా అని, పిల్లలందరి ముందూ నాకు ఏడుపు ఆగలేదు.