ఏడాదీ ఒక రోజూ

దయ్యాల మాట ఎవరెత్తినా నేను రెండే ప్రశ్నలు అడిగేవాణ్ని. ఎన్ని గంటలకు? ఎవరు కొలిచారు? యాభై రెండేళ్ల నా జీవితంలో ఈ రెండింటికీ సరైన జవాబు చెప్పినవాళ్లు ఒక్కరూ తగల్లేదు. అందుకే నమ్మలేదు. అంతకు మించి నాకు వేరే కారణం లేదు.

ఇప్పుడు రాస్తున్నది నాకు జరిగింది. గంట తెలుసు, కొలతా తెలుసు. కొలిచింది నేనే.

నేను చదివింది పదో తరగతి. మెల్‌బోర్న్ పడమటి శివారు వెర్రిబీలో ఒక వృద్ధాశ్రమం వంటగదికి సరుకులు చూసే పని నాది. పంచాంగ గణితం మాత్రం పాత పుస్తకాలు ముందేసుకుని సొంతంగా నేర్చుకున్నాను. మన ఊళ్లో ఈరోజు ఉన్న తిథి ఇక్కడ మధ్యాహ్నానికి ఉండకపోవచ్చు. అందుకని ఇక్కడి తెలుగువాళ్లు తద్దినాలకీ వ్రతాలకీ నాకు ఫోన్ చేస్తుంటారు. భక్తితో కాదు, లెక్క తప్పకూడదన్న పట్టుదలతో చెబుతాను.

మిర్లాండ్ మా వంటగదిలో వంట చేస్తుంది. వాళ్లది హైతీ దేశం, జక్మెల్ అనే సముద్రతీరపు ఊరు. పదిహేనేళ్ల కూతురు అనైస్‌తో వెర్రిబీలోనే ఉంటుంది. రోజూ పొద్దున కాఫీ కలుపుకుని, పెరటి తలుపు తీసి, కప్పులోంచి మూడు చుక్కలు నేల మీద వంచి అప్పుడు తాగుతుంది. ఎందుకని ఒకసారి అడిగాను. “ముందు వాళ్లకి” అంది. వాళ్లంటే పోయినవాళ్లు.

ఏటా జనవరి ఒకటిన పెద్ద గిన్నె నిండా గుమ్మడికాయ సూపు తెస్తుంది. వాళ్ల పూర్వీకులు బానిసలుగా ఉన్నప్పుడు ఆ సూపు దొరలకు వండిపెట్టాలి తప్ప తాము తాగడానికి లేదట. స్వతంత్రం వచ్చిన రోజున అందరూ అదే వండుకు తాగారట. “కాబట్టి ప్రొఫెసర్, ఒక్క కప్పుతో వదిలేస్తే మా తాతలు ఊరుకోరు” అని రెండోసారి పోసేది. లెక్కలు వేస్తుంటానని నాకు ఆమె పెట్టిన పేరు ప్రొఫెసర్.

కిందటేడు జూన్‌లో ఒక గురువారం పొద్దున పది దాటాక ఆమెకు ఫోన్ వచ్చింది. నేను పక్కనే బంగాళాదుంపల బస్తాలు లెక్కపెడుతున్నాను. జక్మెల్‌లో వాళ్లమ్మ పోయింది. దేశంలో గొడవలు, దారులు మూసేశారు. మిర్లాండ్ వెళ్లలేకపోయింది. అమ్మను మట్టి చేయడం ఫోన్‌లో చూసింది. అదీ మధ్యలో తెగిపోయింది.

వాళ్ల పెద్దల ఆచారం ప్రకారం పోయినవాళ్ల ప్రాణం నీటి అడుక్కి చేరుతుంది. అక్కడ ఏడాదీ ఒక రోజూ ఉంటుంది. ఆ తర్వాత అయినవాళ్లు పేరు పెట్టి పిలిచి, నీళ్లలోంచి పైకి తెచ్చి, మట్టికుండలో ఉంచాలి. అప్పటినుంచి ఆ ప్రాణం ఇంటి పెద్ద. పిలవకపోతే ఆ చలిలోనే ఉండిపోతుంది. వాళ్లమ్మ ఈ ఆచారాన్ని బతికినన్నాళ్లూ పాటించిన మనిషి.

ఏడాది పొడుగునా మిర్లాండ్‌కి ఒకే కల. అమ్మ ఛాతీ లోతు నీళ్లలో నిలబడి, చేతులు దగ్గరగా ముడుచుకుని ఉంటుంది. ఏమీ మాట్లాడదు. మిర్లాండ్ సరిగ్గా నిద్రపోయి ఎన్నాళ్లయిందో ఆమె కళ్లు చూస్తే తెలిసేది.

నిజానికి ఇది అనుభవం ఉన్న పూజారులు చేయించాల్సిన పని. మెల్‌బోర్న్‌లో ఆమెకు అలాంటివాళ్లు ఎవరూ తెలియదు. కెనడాలో ఉన్న వాళ్ల పిన్నికి ఆ దీక్ష ఉంది. ఫోన్‌లో చూస్తూ చెబుతానంది. ఒక్క షరతు పెట్టింది. ఆలస్యమైనా ఫరవాలేదు, ఏడాదీ ఒక రోజూ నిండకుండా మాత్రం పిలవకూడదు.

“ఆలస్యం నేను చేయను. అమ్మ ఒక్కరోజు కూడా ఎక్కువ ఉండకూడదు ఆ నీళ్లలో” అంది మిర్లాండ్. మరణపత్రం నా చేతికిచ్చి, “ప్రొఫెసర్, రోజు నువ్వు చెప్పు” అంది.

పత్రంలో తేదీ బుధవారానిది. ఏడాది కలిపితే గురువారం, ఇంకో రోజు కలిపితే శుక్రవారం. నిమిషం పట్టలేదు. శుక్రవారం అని చెప్పేశాను.

ఆ శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి వాళ్ల గరాజ్‌లో కూడాం. నేను, మిర్లాండ్, అనైస్, ఫోన్‌లో పిన్ని. తల్లీ కూతుళ్లు తెల్లబట్టలు కట్టుకున్నారు. మిర్లాండ్ మొక్కజొన్న పిండి గుప్పిట్లోకి తీసుకుని, వేళ్ల సందుల్లోంచి వదులుతూ నేల మీద ఏదో గీసింది. మన ఆడవాళ్లు ముగ్గు వేసినట్టే, చేయి ఎత్తకుండా. దాని పక్కన మూత ఉన్న మట్టికుండ పెట్టింది.

తెల్ల టబ్బు కావాలంటే నేనే తెచ్చాను. వంటగదిలో పక్కన పడేసినది. లోపలివైపు లీటర్ల గీతలుంటాయి. నీళ్లు పోసింది కూడా నేనే, రెండు లీటర్ల జగ్గుతో పదిసార్లు. నీళ్లు ఇరవై గీత దగ్గర ఆగాయి. చూడమని ఎవరూ చెప్పలేదు. అలవాటు కొద్దీ చూశాను.

టబ్బు మీద తెల్ల దుప్పటి గుడారంలా కట్టి, మిర్లాండ్ అందులోకి వంగి చిన్న గంట వాయిస్తూ తల్లిని పిలిచింది. నలభై నిమిషాలు పిలిచింది. గొంతు పోయింది. నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి.

 ఫోన్‌లో పిన్ని వాళ్ల భాషలో మెల్లగా ఏదో అంది. ఏమందని అనైస్‌ని అడిగాను.

“పిలిచినా రాలేదంటే అమ్మ మీద అమ్మమ్మకి కోపం ఉందట” అంది ఆ పిల్ల నేల చూస్తూ.

మిర్లాండ్ నా వైపు తిరిగింది. “తెలుసు. నేను మట్టి వేయడానికి వెళ్లలేదుగా. నా పిలుపుకి ఎందుకొస్తుంది?” అంది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండునని నాకనిపించింది. టబ్బు తీయబోతే వద్దంది.

సాయంత్రం ఆరింటికి ఇల్లు చేరాక, మెల్‌బోర్న్‌కి అటు చివరి శివారు క్లైడ్ నార్త్ నుంచి ఒక కుర్రాడి ఫోన్. తెలంగాణ అబ్బాయి.

“అంకుల్, మా తాత తద్దినం ఎల్లుండే కదా? అమ్మ పంపిన క్యాలెండర్ల అట్లనే ఉంది.”

“అది హైదరాబాదు క్యాలెండరు నాయనా. విమానం దిగంగానే వాచీ తిప్పుకున్నావు, క్యాలెండరు తిప్పుకోవద్దూ?”

“తిప్పుకుంట గనీ అంకుల్, జెర మీరే లెక్క చూసి చెప్పుండ్రి.”

 నా మాట నా చెవిలోనే పడింది. తర్వాత చేస్తానని ఫోన్ పెట్టేశాను.

జక్మెల్ కంటే మేం జూన్‌లో పద్నాలుగు గంటలు ముందుంటాం. అక్కడ బుధవారం సాయంత్రమంటే ఇక్కడ గురువారం పొద్దున. ఆ గురువారం ఫోన్ వచ్చినప్పుడు నేను పక్కనే ఉన్నాను. అయినా కాగితం మీది రోజు పట్టుకుని ఇక్కడ నిలబడి లెక్కవేశాను. ఏడాదీ ఒక రోజూ నిండేది శనివారం పొద్దున. శుక్రవారం మూడింటికి మేం పిలిచినప్పుడు జక్మెల్‌లో ఇంకా రాత్రి ఒంటిగంట. చేయొద్దని ఊరందరికీ చెప్పే తప్పు నేనే చేశాను. దాని మూలంగా ఒక కూతురు, తల్లి తనను క్షమించలేదని నమ్మి కూర్చుంది.

మిర్లాండ్‌కి ఫోన్ చేస్తే ఆఫ్‌లో ఉంది. మెసేజ్‌లో చెప్పే విషయం కాదనిపించింది. ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు. ఈ సంగతి కింద మళ్లీ కావాలి కాబట్టి స్పష్టంగా రాస్తున్నాను. నా లెక్క తప్పిందని అప్పటికి నాకు తప్ప ఎవరికీ తెలియదు.

శనివారం పొద్దున తొమ్మిదింటికి వాళ్లింటికి వెళ్లాను. అనైస్ తలుపు తీసింది. మిర్లాండ్ తెల్లవారకముందే గరాజ్‌లోకి వెళ్లి కూర్చుందట, నిన్నటి తెల్లబట్టల్లోనే. గుడారం ముందువైపు దుప్పటి ఎత్తి ఉంది. టబ్బు కనిపించింది.

నా కన్ను మామూలుగా గీతల మీదికే పోయింది. నీళ్లు ఇరవై మూడు దగ్గర ఉన్నాయి.

“రాత్రి ఇందులో నీళ్లు పోశారా?” అని అనైస్‌ని చెవిలో అడిగాను.

“ఎవరూ ముట్టుకోలేదు అంకుల్. అమ్మ నన్ను తన గదిలోనే పడుకోమంది.”

పైకి చూశాను. కప్పు కారలేదు, దుప్పటి పొడిగా ఉంది. గరాజ్‌లో కుళాయి లేదు. సరే, మిర్లాండే పోసి ఉంటుంది అనుకున్నాను. ఇప్పటికీ ఆ అవకాశం కొట్టిపారేయను.

“మిర్లాండ్, నీతో ఒక మాట చెప్పాలి” అని మొదలుపెట్టాను. ఆమె వెనక్కి తిరగకుండానే వేలు ఎత్తి ఆగమంది. గంట అందుకుని ఒక్కసారి వాయించింది. తల్లి పేరు ఒక్కసారే పిలిచింది, పక్కగదిలో ఉన్న మనిషిని పిలిచినట్టు.

నీళ్లు దిగాయి.

తొణకలేదు, అలలు రాలేదు. స్నానాల తొట్టిలోంచి మనిషి లేస్తే నీళ్లు ఎలా దిగుతాయో అలా, ఒకే తీరున దిగాయి. ఇరవై రెండు, ఇరవై ఒకటి, ఇరవై. అక్కడ ఆగాయి. నా వాచీలో తొమ్మిదీ ఇరవై. టబ్బు చుట్టూ నేల మీది మొక్కజొన్న పిండి పొడిగానే ఉంది, ఒక్క గీత చెదరలేదు.

నాకు ఏ గొంతూ వినబడలేదు. అనైస్‌కీ వినబడలేదట. మిర్లాండ్ మాత్రం తల వంచి కాసేపు వింది. కుండ మీద మూత పెట్టి, తెల్లగుడ్డ చుట్టి, ఒళ్లో పెట్టుకుంది. అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది.

“తిడుతోంది ప్రొఫెసర్. నిన్న ఎందుకు పిలిచావే, నా రోజు ఇంకా రాలేదు కదా అని తిడుతోంది. కోపం లేదట. రోజు రాలేదంతే.”

 అక్కడున్న పెయింటు డబ్బా మీద కూర్చుని, నేను చెప్పాలనుకున్నది అప్పుడు చెప్పాను. కాగితం, బుధవారం, పద్నాలుగు గంటలు, అన్నీ. మిర్లాండ్ కుండను నిమురుతూ వింది.

“మా అమ్మ బడికి వెళ్లలేదు. అయినా నీకంటే నయం” అంది.

తర్వాత నేను చేయగలిగినవన్నీ చేశాను. అదే జగ్గుతో టబ్బు ఖాళీ చేశాను. సరిగ్గా పది జగ్గులు. టబ్బు ఇంటికి తెచ్చి, ఇరవై మూడు వరకు నింపి, మా గరాజ్‌లో వారం రోజులు ఉంచాను. అడుగున చెమ్మ లేదు, నీళ్లు గీత దిగలేదు. వాళ్లమ్మ పోయిన గంట కూడా వాకబు చేయించాను. నిమిషం ఎవరూ చూడలేదు. రేడియోలో ఏడింటి వార్తలు అయ్యాక అన్నారు. అంటే ఇక్కడ తొమ్మిది దాటాక. సరిపోతోంది. సరిపోయినంత మాత్రాన రుజువైపోదని నాకు తెలుసు.

గరాజ్‌లో వెలుతురు తక్కువ. ముందురోజు నుంచి నా మనసూ బాగాలేదు. ఇరవై మూడు అని తప్పు చదివి ఉండొచ్చు. కానీ దిగడం చదవలేదు, చూశాను. మిర్లాండ్ తన ధైర్యం కోసం తనే ఆ మాట అనుకుందేమో. అయితే రోజు రాలేదన్న మాటే ఎందుకు అనుకోవాలి? ఆమెకు ఉన్న భయం అది కాదు.

ఆ రాత్రి ఆమె పదకొండు గంటలు నిద్రపోయిందని అనైస్ చెప్పింది. నీళ్లలో నిలబడ్డ అమ్మ మళ్లీ కలలోకి రాలేదు. మిర్లాండ్‌కి ఇందులో వివరించాల్సింది ఏమీ లేదు. అమ్మ వచ్చింది, అంతే.

నాకు మాత్రం ఉంది. ఇరవై లీటర్లు ఇరవై మూడు ఎలా అయ్యాయంటే, ఎవరో పోశారని సరిపెట్టుకోగలను. ఇరవై మూడు మళ్లీ ఇరవై ఎలా అయ్యాయో, నా కళ్లముందే జరిగినా, నేను చెప్పలేను.