తాళ్ళవాడ హద్దురాయి

ముత్తవ్వ తన అరుగు మీద కూచుని బీడీలు చుడుతూ ఎదురింటి అంజవ్వను తిడితే, ఆ తిట్టు జిల్లా దాటి పోయేది. అంజవ్వ తిరిగి తిడితే అది సిరిసిల్ల జిల్లా నుంచి వచ్చి జగిత్యాల జిల్లాలో పడేది. రెండిళ్ళ నడుమ ఉన్నది ఒక్క సందు. ఎదురెదురుగా రెండు బర్రెలు వస్తే ఒకటి ఆగాల్సిందే. కొత్త జిల్లాలు వచ్చిన దసరాకు గీత సరిగ్గా ఆ సందు మీదుగా పోయింది. పదకొండు ఇళ్ళు ఇటు, పదమూడు ఇళ్ళు అటు. అంతకుముందు అంతా కరీంనగరే కాబట్టి, రెండు ఊళ్ళ శివార్లు ఎక్కడ కలుస్తాయని తాళ్ళవాడలో ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

ముత్తవ్వ పుట్టిల్లు రాయికల్. రెండో తరగతిలో పంతులు చెవి మెలిపెడితే ఆయన చెయ్యి కొరికి ఇంటికి వచ్చేసింది. ఆ తర్వాత బడి ఆమెను పిలవలేదు, ఆమె బడి వంక చూడలేదు. పదేళ్ళకే బీడీ కత్తెర పట్టింది. తాటిచెట్లెక్కి కల్లు గీసే రాజమల్లుకు ఇచ్చి చేస్తే ఈ వాడకు వచ్చింది. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి ఒకరి గడప తొక్కి ఉప్పు అడగలేదని చెప్పుకునేది. అది నిజమే. ఉప్పు అయిపోయిన రోజు ఆ ఇంట్లో కూర చప్పగానే తినేవాళ్ళు. పైగా బాగుందని అనాలి.

వానలు ఎగబెట్టిన ఏళ్ళలో తాళ్ళు కూడా కల్లు ఇవ్వలేదు. రాజమల్లు దుబాయ్ పోయాడు. వాడలో మిగిలిన మగవాళ్ళు కొందరు మస్కట్, కొందరు భీవండి మగ్గాలకు పోయారు. ఆరేళ్ళకు రాజమల్లు రెండు కంబళ్ళు, ఒక నడుము నొప్పి సంపాదించుకుని తిరిగొచ్చి మళ్ళీ తాడెక్కాడు. ఇప్పుడు కొడుకు కుమార్ మస్కట్‌లో ఉన్నాడు. కోడలు నవనీత, మనుమరాలు ఇంట్లో ఉన్నారు.

ఇంటింటికీ నల్లా వస్తుందన్నారు. జగిత్యాల వైపు నుంచి వచ్చిన పైపు పురుషోత్తం రావు దొర పసుపు చేను దగ్గర ఆగింది. సిరిసిల్ల వైపు నుంచి వచ్చింది వాగు అవతల కల్వర్టు దగ్గర ఆగింది. నడుమ తాళ్ళవాడ నోరు తెరుచుకుని కూచుంది. పైపులు వేసేవాళ్ళను అనడానికి లేదు. సగం వాడకు ట్యాంకు కట్టే పద్ధతి వాళ్ళ దగ్గర లేదు. ఆ సగం మాది కాదని ఇటువాళ్ళు, ఈ సగం మాది కాదని అటువాళ్ళు. ఇద్దరూ నిజమే చెప్పేవాళ్ళు.

కాబట్టి నీళ్ళకు దొర పొలం మోటరే దిక్కు. కరెంటు వచ్చిందని తెలియగానే ఆడవాళ్ళు ఒళ్ళోని బీడీ చాటలు పక్కకు నెట్టి బిందెలతో పరుగెత్తేవాళ్ళు. తాగడానికి, వండుకోవడానికే కాదు, బీడీ ఆకు నానబెట్టడానికీ నీళ్ళే కావాలి. ఆకు తడవకపోతే చుట్టేటప్పుడు పటపటా పగిలిపోతుంది. నీళ్ళ బాధ పడలేక అప్పటికే అయిదు ఇళ్ళవాళ్ళు తాళాలు వేసి కోరుట్లలో రూములు తీసుకున్నారు.

ఆ ఎండాకాలం నవనీత కూడా ఆ మాటే ఎత్తింది.

"అత్తా, బడులు తెరిచేదాంక జూస్త. గప్పటికి గూడ నల్లా రాకపోతే నేను, పిల్ల కోరుట్లకు పోతం. నువ్వు, మామ గూడ రాండ్రి."

"నేనెందుకస్తనే? నా చాట, నా ఆకు, నా తిట్లు అన్ని ఈడనే ఉన్నయి."

"తిట్లు ఆడికి తెచ్చుకోరాదా?"

"తెస్త. ఆడ పడెటోళ్ళెవలున్నరు?"

నవనీత నవ్వింది కానీ మాట వెనక్కి తీసుకోలేదు. ముత్తవ్వకు ఆ రోజు ఆకు సరిగ్గా కత్తిరించ బుద్ధి కాలేదు. మనుమరాలు లేని అరుగు ఎట్లా ఉంటుందో ఒకసారి ఊహించి చూసుకుంది, వెంటనే మానుకుంది.

మరుసటి సోమవారం ముత్తవ్వ నల్లా కోసం అర్జీ పట్టుకుని జగిత్యాల కలెక్టరాఫీసుకు పోయింది. అంజవ్వ సిరిసిల్ల పోయింది. సాయంత్రం సందులో కలుసుకున్నారు.

"నాకు కుర్చీ ఏసి కూసోమన్నరు," అంది అంజవ్వ.

"నాకు చాయ గూడ పోసిండ్రు," అంది ముత్తవ్వ.

రెండూ అబద్ధాలే. కానీ వరుసగా నాలుగు సోమవారాలు ఇద్దరూ విడవకుండా తిరిగేసరికి రెండు జిల్లాలవాళ్ళు ఒకరికొకరు రాసుకున్నారు. పాత నక్ష అనే సర్వే పటం తీసి మళ్ళీ కొలుద్దాం, వాడ మొత్తం ఎటు పడితే అటు ఇచ్చేద్దాం, రెండోవాళ్ళు తమ సగం వదులుకోవాలి అని ఒప్పుకున్నారు. మే నెల నడుమ సర్వేయర్ ప్రేమ్‌కుమార్ జీపులో దిగాడు. మూడు కాళ్ళ మిషను, చుట్టచుట్టిన నక్ష, తల మీద తడి తువ్వాల.

పొద్దంతా వాగు ఒడ్డున వెతికాడు. నక్షలో ఉన్న హద్దురాయి అక్కడ లేదు. ఎండకు తాళలేక నీడ కోసం వాడలోకి వచ్చాడు. సందు మొదట్లో వేపచెట్టు కింద, రెండు బండల నడుమ అమ్మవారు పోశవ్వ ఉంది. పసుపు పూసి పూసి, కుంకుమ పెట్టి పెట్టి, ఏళ్ళ తరబడి మందంగా అట్టకట్టింది. ఆ ఆకారాన్ని ఆయన అటు నుంచి ఒకసారి, ఇటు నుంచి ఒకసారి చూశాడు.

"అవ్వా, జెర కడిగి సూపెడ్తరా?"

పోశవ్వను ముట్టుకునే హక్కు ముత్తవ్వదే కాబట్టి ఆమే చెంబుతో నీళ్ళు పోసి రుద్దింది. పసుపు కరిగి పోయాక రాయి నెత్తి మీద ఉలితో కొట్టిన కూడిక గుర్తు బయటపడింది.

"గిదే నేను దేవులాడుతున్న రాయి."

"రాయంటవేంది సారూ? పోశవ్వ."

"పోశవ్వనే అవ్వా, నేను కాదంటలేను. కని నెత్తి మీద గుర్తు సర్కారుది. జిల్లాలు అయినప్పుడు పాత నక్ష జూడకుంట, గీడ రాయిని జూసే గీత గీసిండ్రు. గిది వాగొడ్డు మీదికెల్లి గీడికెట్లచ్చింది?"

చుట్టూ మూగిన ఆడవాళ్ళంతా ఒక్కసారే జవాబు చెప్పారు. కరువు కాలంలో పోశవ్వ ముత్తవ్వ కలలోకి వచ్చి, నా బిడ్డలు తిప్పల పడుతున్నరు, నేను వాడలకే వస్త అని చెప్పిందట. తెల్లారి చూస్తే ఇక్కడ వెలిసిందట. అందుకే ప్రతి ఏడాదీ అమ్మవారికెత్తే మొదటి బోనం ముత్తవ్వదే.

ప్రేమ్‌కుమార్ తువ్వాల తీసి ముఖం తుడుచుకున్నాడు. "నా కాగితంల రాయి నడిసొచ్చిందని రాసెటందుకు జాగ లేదు. ఇనుండ్రి. పాత జాగ ఎవలన్న సూపెట్టి, ఆడ రాయి ఉండెనని సాక్ష్యం దొరికితే గీత వాగు మీదికి పోతది. వాడ మొత్తం జగిత్యాలల పడ్తది. దొర చేను కాడ ఆగిన పైపు నెల దినాలల్ల మీ ఇండ్లకస్తది. సాక్ష్యం లేకపోతే రాయి గీడనే ఉన్నదని రాస్త. గీత సందులనే ఉంటది. మళ్ళ ఎవడు, ఎన్నడు వచ్చి కొలుస్తడో నాకెరుక లేదు."

అంజవ్వ ముత్తవ్వ కొంగు పట్టి తన వంటింట్లోకి గుంజుకుపోయింది.

ఎందుకంటే ఆ కల గురించి నిజం తెలిసినవాళ్ళు లోకంలో ఇద్దరే. కరువు వచ్చిన ఏడాది వాడలో పిల్లలందరికీ తట్టు పోసింది. మగ దిక్కు లేదు. తట్టు చల్లబడాలని పోశవ్వకు నీళ్ళారబోయాలంటే వాగు ఒడ్డుకు పోవాలి. దొర జీతగాడు చేను తొక్కొద్దని కట్టె పట్టుకుని నిలబడేవాడు. ఒక రోజు అందరూ కరువు పనికి పోయాక ముత్తవ్వ గూటానికి వేలాడుతున్న రాజమల్లు మోకు తీసింది. తాడెక్కేటప్పుడు నడుముకు కట్టుకునే ఆ మోకుతో పోశవ్వను కట్టి, తాటిమట్టల మీద పడుకోబెట్టి, ఇద్దరూ పొద్దు వాలేదాకా వాడలోకి గుంజుకొచ్చారు. అమ్మవారిని అడగకుండా కదిపారని ముసలివాళ్ళు శాపనార్థాలు పెడతారని ముత్తవ్వకు భయం వేసింది. అందుకే తెల్లవారి కల చెప్పింది. ఒకసారి చెప్పాక అది పదిహేనేళ్ళు నిలిచిపోయింది.

"చెప్తవా?" అంది అంజవ్వ.

"చెప్తె నన్నెవలన్న లెక్కజేస్తరానే? మొదటి బోనం పాయె."

"చెప్పకపోతె నల్లా పాయె."

"నువ్వు చెప్పు."

"నేనెందుకు చెప్త? కల నీది."

"నువ్వు గుంజలేదా?"

"గుంజిన. కలగనలే."

ముత్తవ్వకు మండుకొచ్చింది. పోశవ్వను వాడలోకి తెచ్చి తాను చేసింది తప్పని ఆమె ఎన్నడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోలేదు. అందరి ముందు అబద్ధాలకోరు అనిపించుకోవడమే మింగుడుపడలేదు. బయటికి వచ్చి అరుగు మీద కూచుంది. అప్పుడే నవనీత పొలం నుంచి వచ్చింది. తన వంతు వచ్చేసరికి కరెంటు పోయిందట. బిందెలో సగం కూడా లేవు. ఆ కాసిని నీళ్ళతో ఏది చేయాలా అని ఒక్క క్షణం నిలబడి, ఆకు నానబెట్టే తొట్టిని విడిచిపెట్టి, తాగే కుండలో పోసింది. పనికి రేపటిదాకా సెలవు.

ముత్తవ్వ లేచి కొంగు దోపుకుంది.

"సారూ, రాసుకో. రాయిని తెచ్చింది నేను. గీ అంజవ్వ గూడ గుంజింది, కని తెలివి నాది."

వెనక నుంచి ఎవరో మెల్లగా అడిగారు. "మరి కల?"

"గది గూడ నాదే. మేల్కొని కన్న."

సాక్ష్యం ఏదని అడిగాడు సర్వేయర్. ఉందని ముందు నడిచింది ముత్తవ్వ. వాగు ఒడ్డు పాత తీరు లేదు. గుర్తున్న మోదుగ చెట్టు ఎవరో కొట్టుకుపోయారు. అప్పుడు ఇద్దరు ముసలమ్మలూ రాయిని గుంజుతూ ఆగిన చోట్లను వెనక్కి లెక్కపెడుతూ నడిచారు.

"ఈడ నా చెప్పు తెగింది," అంది ముత్తవ్వ.

"ఆడ గాదు, గీడ. నీ చెప్పు తెగినప్పుడు నాకు గీ బండ తాకింది."

"ఏడుసార్లు ఆగినం."

"ఎనిమిదిసార్లు. ఒకసారి నువ్వు నన్ను తిట్టనీకె ఆగినవ్. గది లెక్కలకు రాదా?"

ఆ ఎనిమిదోదాన్ని లెక్కలోకి తీసుకుంటేనే జాగ కుదిరింది. ఆ చుట్టుపక్కల రెండు చోట్ల తవ్వితే మన్ను తప్ప ఏమీ లేదు. జీపు డ్రైవర్ గడియారం చూసుకోవడం మొదలుపెట్టాడు. మూడో చోట మోకాలి లోతున గడ్డపార టంగుమంది. బోర్లించిన లొట్టి, కల్లు పట్టే కుండ. అమ్మవారిని లేపిన గుంత ఖాళీగా ఉంచొద్దని కల్లు గీసే గౌండ్లవాళ్ళ పద్ధతి ప్రకారం ఆ రోజు ముత్తవ్వ పూడ్చిపెట్టింది. దాని కింద పసుపు కొమ్ములు నల్లబడి ఉన్నాయి.

అందరికంటే ముందు రాజమల్లు వంగి లొట్టి మెడ తడిమాడు.

"గిది నా లొట్టి. మెడకు నేను గీసిన గీతలు. దుబాయ్ నుంచొచ్చి మూడు దినాలు దేవులాడిన. మా బామ్మర్ది కొట్టేసిండని వానితోటి ఏడాది మాట్లాడలే."

"గా ఏడాది ఇంట్ల ఎంత సల్లగుండె," అంది ముత్తవ్వ.

ప్రేమ్‌కుమార్ లొట్టికి, గుంతకు ఫోటోలు తీసుకున్నాడు. మిషను పెట్టి చూస్తే నక్షలో గుర్తుకూ గుంతకూ జానెడు తేడా కూడా లేదు. పోశవ్వను వాడలోనే ఉండనిచ్చి, గుంతలో కొత్త రాయి పాతించాడు. ఆయన జీపెక్కుతుంటే ముత్తవ్వ పోయి రాసినదంతా ఒకసారి చదివి వినిపించమంది. తన పేరు సరిగ్గానే ఉందని తెలుసుకుని వదిలింది.

నెల అన్నది నెలా పదిహేను రోజులైంది. నవనీత బడి వాళ్ళను గడువు అడిగి ఆగింది. నల్లా మొదట ఎర్రమన్ను కక్కింది, తర్వాత నురగ, తర్వాత నీళ్ళు. కోరుట్లలో ఉన్న అయిదు ఇళ్ళలో మూడు ఇళ్ళవాళ్ళు తిరిగొచ్చారు. అంజవ్వ మాత్రం అరుగు దిగకుండానే జిల్లా మారిపోయానని, సిరిసిల్లలో ఉన్న చిన్న కొడుకు ఇప్పుడు పరాయి జిల్లావాడయ్యాడని పది రోజులు సణిగింది.

ముత్తవ్వను ఎవరూ లెక్కచేయకుండా పోలేదు. కానీ ఊరుకోనూ లేదు. ఎవరి కోడి కనబడకపోయినా, ఎవరి చెంబు పోయినా ఆమె అరుగు ముందుకు వచ్చి నవ్వాపుకుంటూ అడగడం వాడకు అలవాటైంది. మొన్న అంజవ్వ కోడలు భాగ్య కూడా తయారైంది.

"అత్తా, మా మేకపిల్ల పొద్దటిసంది కనవడ్తలేదు. నీ కలలకేమన్న అచ్చిందా?"

ముత్తవ్వ బీడీకి దారం చుట్టి, కొస కొరికి, చాటలో వేసి తలెత్తింది.

"అచ్చింది బిడ్డా. మీ నల్లా బంద్ చెయ్యలేదట, నీళ్ళన్ని సందుల పారుతున్నయి, జల్ది పోయి బంద్ చెయ్యమన్నది."