లోపలి గడియ

తెల్లదొరల రోజుల్లో, మార్కాపురంలో నేనెక్కిన ఆడవాళ్ళ రైలుపెట్టెలో ఒక ముసలావిడ ఒక్కతే కూర్చుని ఉంది.

"చెన్నపట్నం పోయి వస్తున్నా తల్లీ. మొగుళ్ళు పోయినోళ్ళం నలుగురం కలిసి అక్కడ మేడ కట్టించినాం, ఒంటరిగా వచ్చే ఆడోళ్ళు దిగేదానికి. అట్లాంటిది ఆ ఊళ్ళో మాదే మొదటిది. ప్రతి గదికీ లోపల గడియ పెట్టించినాం. వెంట ఎవురొచ్చినారని ఎవుర్నీ అడగలే."

"ఇప్పుడో?"

"నడపలేక అమ్మినాం. కొన్నోళ్ళు హోటలు చేసినారు. ఒక్కరోజు ఉండొద్దామని పోతే, గుమస్తా 'వెంట మగోళ్ళెవురు?' అన్నాడు. ఎవురూ లేరంటే గది లేదన్నాడు."

ఆ మేడ ఏ వీధిలోదో అడిగేలోపే గిద్దలూరొచ్చింది.

"లోపల గడియ వేసుకో తల్లీ," అంటూ ఆమె దిగింది. వేసుకున్నాను. ఆ చప్పుడు విన్నాకే తలుపు దగ్గర్నుంచి కదిలింది.