ఆరోగ్యంగా ఉన్న కుక్క నెత్తురు

ముక్తేశ్వరం రేవులో కదిలిన పంటు, గోదావరి మధ్య ఇసక మేటని తప్పించుకోడానికి వంకర తిరుగుతోంది. నా పక్కనున్నాయన ఒళ్ళో పెట్టుకున్న ఫ్లాస్కు మీదికి ఎవరిదో కొబ్బరికాయల బస్తా ఒరిగింది. ఆయన బస్తాని మోకాలితో ఆపి, ఫ్లాస్కుని చంటిపిల్లలా గుండెకి హత్తుకున్నాడు. వేసవి కదా, నాకు నోరూరి, ఐసుఫ్రూటులాండీ అని అడిగేను.

"కాదండి. కుక్కల నెత్తురండి," అన్నాడాయన.

బతుకంతా రేవుల్లోనూ రైళ్ళలోనూ తిరిగినవాణ్ణి. సంచిలో పుర్రె పెట్టుకుని, దాని మీదే తలపెట్టి నిద్రపోయిన వైద్యవిద్యార్థిని చూశాను. ఈగలతో సహా తేనెపట్టు మోసుకొచ్చి, రైలు పెట్టెలో సగంమంది చేత తిట్లు తిన్నవాణ్ణి చూశాను. కుక్కల నెత్తురు మోసేవాణ్ణి చూడ్డం మాత్రం అదే మొదలు. ఎనభై ఆరో సంవత్సరం అనుకుంటాను.

పేరు కృపారావు. రాజోలు వైపు మనిషి. తాత పాలేరు, తండ్రి మిషను బడిలో పంతులు. ఈయన అమలాపురంలో, రిటైరయిన పశువైద్యుడొకాయన పెట్టుకున్న చిన్న ఆసుపత్రిలో పరీక్షలు చేసేవాడు. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల ఆయన్ని ఫిల్ము కృపారావుగారు అనేవారట. సినిమాలతో ఏం సంబంధం లేదు. కడుపునిండా తింటున్నా చిక్కిపోయే కుక్కలుంటాయి. వాటి పొట్టలో మాంసాన్ని అరిగించే ట్రిప్సిన్ అనే ఎంజైము ఉందో లేదో చూడాలి. కుక్క పెంట కొంచెం వంటసోడా నీళ్ళలో కలిపి, అందులో పాత ఎక్స్‌రే ఫిల్ము ముక్క ముంచి వెచ్చగా ఉంచుతారు. ఎంజైము ఉంటే ఫిల్ము మీది నల్ల పూతని తినేస్తుంది, ముక్క అద్దంలా తేటపడుతుంది. లేకపోతే నల్లగానే ఉండిపోతుంది. ఆ వింత చూడ్డానికి కుక్కలు లేనివాళ్ళు కూడా వచ్చేవారని చెప్పేటప్పుడు ఆయన మొహం వెలిగింది.

వెంటనే ఆరిపోయింది కూడా. బాలగంగాధరం సంగతి వచ్చింది మరి.

బాలగంగాధరం వేదం చెప్పే ఇంటి పిల్లవాడు. మొదట కృపారావు చేతి కిందే పనిలో చేరేడు. తరవాత మద్రాసు వెళ్ళి, నెత్తుట్లో ఎంజైముని కొలిచే కొత్త పద్ధతి నేర్చుకొచ్చి, కాకినాడలో ఒక లేబరేటరీలో కుదురుకున్నాడు. గాజు గొట్టం లోపలి గోడకి, ట్రిప్సిన్‌ని మాత్రమే పట్టుకునే పూత ఒకటి ఉంటుందిట. కుక్క నెత్తురు మీద తేరిన నీరు కొంచెం అందులో పోసి, రేడియో ధార్మిక పదార్థం కలిపితే, ఎంత పట్టుకుందో మిషను అంకెల్లో చెప్పేస్తుంది. పెంటా లేదు, కంపూ లేదు. డాక్టరుగారు మురిసిపోయి ఫిల్ముని పక్కన పెట్టించేరు. అప్పట్నించీ కృపారావు పని ఈ ఫ్లాస్కు మోసి రేవు దాటించడం.

"సూది పట్టడం నా దగ్గరే నేర్చుకున్నాడండి. కుక్క మొరిగితే బల్లెక్కేసేవాడు. ఇప్పుడు కుక్క పేగుల గురించి నాకే చెప్తాడు. ఇంటికొస్తే మా ఆవిడ జయమ్మ కూడా కాఫీ ముందు ఆయనకే ఇస్తుందండి, తరవాత నాకు."

నేను చదివిన పాత పుస్తకాల్లో ఈర్ష్య వేరు, అసూయ వేరు. ఎదటివాడి భాగ్యాన్ని ఓర్చలేకపోవడం ఒకటి, వాడి గుణంలో దోషం వెతకడం ఇంకొకటి. ఈయనది ఏదై ఉంటుందా అని పైకే అనేశాను. ఆయన నావైపు జాలిగా చూసి, అవన్నీ చదువుకున్నవాళ్ళ మాటలండీ, మాది కుళ్ళండి అన్నాడు.

ఆ కుళ్ళు ఏం చేయించిందో అప్పుడు చెప్పేడు. మళ్ళీ కనబడనివాడికి మనుషులు ఏదైనా చెప్పేస్తారు.

దానమ్మగారని రిటైరయిన హెడ్‌మిస్ట్రెస్. ఆవిడ పెంచుకున్న అల్సేషన్ కుక్క సీజరు ఎముకల గూడైపోయింది. కృపారావు ఎవరికీ చెప్పకుండా ఫిల్ము ముంచి చూస్తే తేటపడింది. ఎంజైము ఉంది, ఇవి కడుపులో ఏలికపాములే, మందేస్తే పోతాయి అని దానమ్మగారికి మాటిచ్చేశాడు. డాక్టరుగారు మాత్రం నెత్తురు కాకినాడ పంపమన్నారు. అక్కణ్ణించి ఎంజైము లేదని వస్తే? ఊళ్ళో మిగిలిన ఆ కాస్త పేరూ పోతుంది. అందుకని సీజరు పేరు రాసిన సీసాలో తన ఇంటి కుక్క జిమ్మీ నెత్తురు పోసి పంపేడు. జయమ్మ పెట్టే చేపల తలకాయలు తిని పిప్పళ్ళ బస్తాలా బలిసిన కుక్క అది. ఎంజైము లేకపోవడమనే ప్రశ్నే లేదు.

రిపోర్టు వచ్చింది. ఎంజైము లేనట్టే.

"ముందు రిపోర్టు రెండుసార్లు చదివేనండి. తరవాత నవ్వొచ్చింది. జిమ్మీకి లేకపోవడవేంటండీ? అంటే ఆ పరీక్షే తప్పన్నమాట. ఎవరికి చెప్పనూ? చెప్తే వాడు పడతాడు. వాడితో నేనూ పడతాను."

ఇన్నాళ్ళూ వెళ్ళిన నెత్తురంతా అలాగే లేదనే వస్తోంది. ఎవరికీ అనుమానం రాలేదు. ఎలా వస్తుంది? మన వైపు మనిషే బాగున్నప్పుడు ఆసుపత్రి మెట్లెక్కడు. ఇంక బాగున్న కుక్కని తెచ్చేదెవరు? వెళ్ళినవన్నీ చిక్కిపోయినవే, కాబట్టి లేదంటే అందరూ తలూపేరు. డాక్టరుగారు కూడా, సీజరు ఇంక కోలుకోదు, ఇంజక్షనిచ్చి నిద్రపుచ్చేద్దామన్నారు. దానమ్మగారు ఏడ్చి ఒప్పుకున్నారు.

ఎప్పుడండీ అన్నాను.

"రేపండి."

ఫ్లాస్కులో ఇవాళ ఎవరి నెత్తురుందని అడిగేను. ఆయన ఫ్లాస్కు మూత బిగించి, మళ్ళీ జిమ్మీదేనండీ, ఈసారి దాని పేరే రాసేనండీ అన్నాడు.

కోటిపల్లి రేవులో దిగేసరికి గట్టు మీద స్కూటరు పక్కన గొడుగేసుకుని ఒక సన్నటి కుర్రాడు నిలబడి ఉన్నాడు. మమ్మల్ని చూసి ఎదురొచ్చేడు. అతనే బాలగంగాధరం. నేను అక్కణ్ణించి బస్సెక్కాల్సినవాణ్ణి, బస్సు కూడా ఉంది. కాని కదల్లేదు. కృపారావు ఫ్లాస్కు ఇవ్వకుండానే, తల వంచుకుని, సీసా మార్చిన సంగతంతా ఒక్క ఊపిరిలో చెప్పేశాడు. కుర్రాడి మొహం పాలిపోయింది.

"జిమ్మీయా? మీ జిమ్మీయేనా?"

"ఆయ్."

"పరగడుపునే తీసేరా?"

"పరగడుపునేనండి. తలకాయలు దాచేనని జయమ్మ తిట్టిందండి కూడాను."

బాలగంగాధరం గొడుగు మూసేసి ఎండలో అలాగే నిలబడ్డాడు. తరవాత నుదురు కొట్టుకున్నాడు. ఆ గాజు గొట్టాల కిట్టు మనుషుల ట్రిప్సిన్ కోసం చేసినది, కుక్కల ట్రిప్సిన్ దానికి అంటడం లేదు. కిట్టుతో వచ్చిన మనుషుల శాంపిళ్ళు సరిగ్గానే కొలుస్తోంది కదా అని నమ్మేశాడట. ముందు డాక్టరుగారికి ఫోను చేసి ఇంజక్షను ఆపిస్తానన్నాడు. ఆ ఎంజైము ఊరే మేక క్లోమం పచ్చిది కూట్లో కలిపి పెట్టి, ఒళ్ళు చేస్తుందో లేదో చూస్తే సీజరు సంగతి తేలిపోతుందన్నాడు. ఇక మాట ఆగలేదు. మద్రాసుకి రాస్తాడట, కుందేళ్ళకి కుక్క ట్రిప్సిన్ ఎక్కించి, వాటి నెత్తుట్లోంచి దాన్ని పట్టుకునే కొత్త పూత తయారు చేయిస్తాడట, ఈ పొరపాటునే పశువైద్యుల సభలో చదివితే ఎంత బాగుంటుందో అన్నాడు.

"మీరు చేసింది తప్పే బాబాయిగారూ. కానీ ఎంత పనికొచ్చే తప్పండీ!"

కృపారావు మొహం చూశాను. దెబ్బ కొట్టడానికి ఎత్తిన కర్రని ఎదటివాడు ఊతకర్రగా అందుకుంటే ఎలా ఉంటుందో అలా ఉంది.

"మరి ఫిల్మో అండీ?" అని అడిగేడు, చాలా మెల్లిగా.

"ఫిల్మునీ నమ్మలేం బాబాయిగారూ. పెంటలో పురుగులు, అదే, సూక్ష్మజీవులు, అవి కూడా పూత తినేస్తాయి." కుర్రాడు ఎగతాళిగా అనలేదు, నొచ్చుకుంటూ అన్నాడు. ఎగతాళి చేసినా బాగుండేది.

పదండి టీ తాగుదాం, ఈ పెద్దాయన్ని కూడా రమ్మనండి, అంటూ బాలగంగాధరం పాకవైపు తిరిగి కుందేళ్ళ గురించే చెప్పుకుపోతున్నాడు. కృపారావు ఫ్లాస్కుని స్కూటరు సీటు మీద పెట్టేడు, జారకుండా ఒకసారి సరిచేశాడు. నేను దణ్ణం పెట్టబోయాను. ఆయన నన్నూ చూడలేదు, ఆ కుర్రాణ్ణీ చూడలేదు. వెళ్ళొస్తానని కూడా అనకుండా తువ్వాలు తలకి చుట్టుకుని, మళ్ళీ పంటువైపు గట్టు దిగిపోయాడు.