మూడు వారాలకో సూది

నా తమ్ముడికి పదకొండేళ్లప్పుడు గొంతునొప్పి వచ్చి తగ్గింది. కొన్నాళ్లకు జ్వరంతో కీళ్లు వాచాయి. ఒక మోకాలు తగ్గితే రెండోది వాచేది. కోరుట్ల డాక్టర్ ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. మూడు వారాలకోసారి పెన్సిలిన్ సూది వేయించాలనీ, ఏళ్ల తరబడి మానొద్దనీ చెప్పాడు. ఎందుకో చెప్పలేదు. మేమూ అడగలేదు.

సూది వేయించిన ప్రతిసారీ వాడు రెండు రోజులు కుంటేవాడు. తీసుకెళ్లేది నేనే. రెండేళ్లకు మా నాన్న, తాటిచెట్లెక్కి కల్లు గీసే మనిషి, "పోరడు మంచిగ ఉరుకుతుండు, ఇంకేం సూదులే బిడ్డా" అన్నాడు. మానేశాం. నాకూ ఓ పని తప్పిందనిపించింది.

ఇరవై నాలుగో ఏట వాడు దుబాయి పోదామని మెడికల్ పరీక్షకు వెళ్తే అన్‌ఫిట్ అన్నారు. "గుండెల ఏదో చప్పుడట" అని ఏజెంటు కాగితం చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. సిగ్గుతో వాడు ఆ కాగితం ఎవరికీ చూపించలేదు; తర్వాతెప్పుడో గానీ నాకు తెలీలేదు. సిరిసిల్లలో మరమగ్గాల షెడ్డులో సాంచాల మీద బట్ట నేసే పనికి కుదిరాడు. మెట్లెక్కితే ఆయాసం, వెల్లకిలా పడుకుంటే దగ్గు. అడిగితే, "సాంచాల దుమ్ము అక్కా, అందరికీ గట్లనే ఉంటది" అనేవాడు. నేను మూతికి కట్టుకోమని గుడ్డలు కుట్టిచ్చాను!

ఆ ఏడే ఒక మధ్యాహ్నం సాంచా దగ్గరే కూలబడ్డాడు. జగిత్యాల ఆసుపత్రిలో గుండె స్కానింగ్ తీశాక డాక్టరమ్మ చీటీ వెనక బొమ్మ గీసి చూపించింది.

"చిన్నప్పుడు కీళ్లు వాచినయా?" అని అడిగింది. వాచాయనీ, సూదులు రెండేళ్లకే మానేశామనీ చెప్పాను. "ఆ జ్వరమే గుండె వాల్వును పాడుచేసింది. అది బిగుసుకుపోయి రక్తం ముందుకు పోక ఊపిరితిత్తుల్లో నిలుస్తోంది. సూదులు మానకపోతే ఇంతదూరం వచ్చేది కాదేమో."

ఐదు నిమిషాలు పట్టింది చెప్పడానికి. పదమూడేళ్లలో ఆ ఐదు నిమిషాలు మాకు ఎవరూ ఇవ్వలేదు. నోరు తెరిచి అడగని నా మీద అంతకన్నా ఎక్కువ కోపం వచ్చింది.

హైదరాబాదులో వాల్వు మార్చారు. బతికాడు. దాని మీద రక్తం గడ్డకట్టకుండా రోజూ మాత్ర వేసుకోవాలి, నెలనెలా రక్తపరీక్ష చేయించుకోవాలి. పోయిన నెల వాడు పరీక్షకు పోలేదు, పైగా రాష్ట్రం దాటి భీవండికి సాంచాల పనికి పోవాలని చూస్తున్నాడు.

"గింత దానికి పని ఇడిసిపెట్టి జగిత్యాల ఎవలు పోతరక్కా?"

"ఎందుకు పోవాల్నో గిప్పుడు నీకు ఎరికే కదరా!" అని వీధిలోనే అరిచాను. చెయ్యి పట్టుకుని జగిత్యాల బస్సెక్కించాను.