జవాబు కోసం ఆగిన రాణి

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరూ అడగకూడని ప్రశ్న ఒకటి ఉండేది. మా పెద్దనాయన ఎక్కడున్నాడన్నదే ఆ ప్రశ్న. దొరల మీద తిరగబడిన సంఘం మనుషులకు అన్నం పెట్టాడన్న అనుమానంతో నిజాం పోలీసులు ఆయనను పట్టుకుపోయి ఏడాది దాటింది. ఆయన కోసం ఠాణాకు వెళ్లి ఆరా తీసిన మా ఊరి వాళ్లిద్దరిని కూడా లోపలే కూర్చోబెట్టుకున్నారు. ఆనాటి నుంచి ఇంటికి పెద్దదైన మా అవ్వ ఇంటిల్లిపాదికీ ఒక కట్టడి చేసింది. ఆయన పేరెత్తి ఎవరినీ ఏమీ అడగరాదు. పోలీసు చర్య జరిగి, యూనియన్ సైన్యం వచ్చి, నిజాం పాలన పోయిన తరువాత కూడా ఆ కట్టడి సడలలేదు. జైళ్ల నుంచి కొందరు విడుదలై వస్తున్నారు. సంఘం వాళ్లన్న పేరుతో మరికొందరిని కొత్తగా పట్టుకుపోతున్నారు. ఏ మాట ఎవరి చెవిన పడితే ఏమవుతుందో తెలియని రోజులవి. మా పెద్దమ్మ పూటపూటా భర్త కంచం కడిగి బోర్లించేది. ఆయన సంగతి మాత్రం ఎవరినీ అడిగేది కాదు.

అప్పుడు నాకు పదేళ్లు. నల్లగొండలో మేనమామ ఇంట ఉండి ఉర్దూ బడిలో చదువుతూ, ఎండాకాలం సెలవులకు నకిరేకల్ దగ్గరి మా ఊరికి వచ్చాను. మా బడిలో క్రమశిక్షణ గట్టిది. చేతులు కట్టుకొని కూర్చోవాలి, అడిగినప్పుడే మాట్లాడాలి, అడిగిన వెంటనే మాట్లాడాలి. ఒక క్షణం ఆలస్యమైతే పంతులమ్మ వేలు పక్క పిల్ల మీదికి జరిగేది. నాకు ఆ పద్ధతి ఎంతో నచ్చింది. పల్లెకు వచ్చినప్పుడల్లా మనుషులు ఒకరి మాట మీద ఒకరు పడి మాట్లాడడం చూసి నాకు చిరాకు వేసేది. మనది మర్యాద తెలియని ఊరని ఆ వయసులోనే తీర్మానించుకున్నాను.

ఆ సెలవుల్లోనే నకిరేకల్‌కు సినిమా వచ్చింది. అందులోనూ మా ఊరి భాగవతులు తరాలుగా ఆడే కథనే మద్రాసులో సినిమాగా తీశారని తెలిసి చుట్టుపక్కల ఊళ్లన్నీ కదిలాయి. రాజ్యం పోగొట్టుకొని అడవుల పాలైన రాజును వెతుక్కుంటూ రాణి ఒంటరిగా ఊరూరా తిరిగే కథ అది.

ఆ ఆటలో మా ఊళ్లో ఒక ఆచారం ఉండేది. రాణి అరుగు దిగి జనం మధ్యకు వచ్చి, 'నా రాజు ఈ దారిన పోయినాడా, చెప్పరయ్యా' అని పాడి నిలబడుతుంది. మద్దెల ఆగుతుంది. అప్పుడు జనమంతా ఒక్క గొంతుతో, 'చూడలేదు తల్లీ, ముందటికి పో, దొరుకుతడు' అనాలి. ఆ మాట పడేదాకా మద్దెల మోగదు, రాణి అడుగు వేయదు. జవాబు లేకుండా రాణి ఊరు దాటితే ఆ ఊరికి మంచిది కాదని పెద్దల నమ్మకం. ముప్పై ఏళ్లుగా ఆ రాణి వేషం కట్టినవాడు మా ఇంటి వెనుక వాడలో ఉండే భాగవతుల తాత. గుంపు కూడితే లాఠీలు లేచే కాలం వచ్చాక ఆయన గజ్జెలు మూట కట్టి అటక మీద పెట్టేశాడు. మూడేళ్లుగా మా ఊళ్లో ఆట లేదు.

సినిమాకు హాలు ఎక్కడిది? ఆముదాల గోదామునే హాలుగా మార్చారు. పొద్దు గూకిన తరువాత ఎవరూ బయట తిరగరాదన్న ఉత్తర్వు ఉండడంతో ఆట మధ్యాహ్నమే వేయాలి. పగటిపూట చీకటి కావాలి కదా! గొల్లవాళ్ల దగ్గర నల్ల గొంగళ్లు అడిగి తెచ్చి కిటికీలకూ కంతలకూ మేకులతో బిగించారు. లోపల ఆముదం వాసన, ఉన్ని వాసన, చెమట వాసన. తలుపు దగ్గర బందోబస్తుకు ఒక జవాను. ఏ దేశపువాడో, తెలుగు ఒక్క ముక్క రాదు. మేము రెండు బండ్లు కట్టుకొని వెళ్లాము. మా బాపు, అవ్వ, పెద్దమ్మ, నేను, మాతోపాటే భాగవతుల తాత కూడా.

ఆట మొదలైంది. ఆ తరువాత జరిగినదంతా నాకు తలవంపుగా తోచింది. భాగవతంలో ఏ పాత్ర వచ్చినా ముందు ఇద్దరు మనుషులు తెర పట్టుకుంటారు. పాత్ర తెర వెనుక నుంచే తన పేరూ ఊరూ చెప్పుకొని బయటికి వస్తుంది. సినిమా రాణి అవేవీ లేకుండా తిన్నగా వచ్చి నిలబడింది. జనం ఒప్పుకోలేదు.

"ఎవరమ్మా నువ్వు? పేరు చెప్పకుంట వచ్చినవేంది?" అని ఒక ముసలమ్మ గద్దించింది.

"రాణే అక్కా. కిరీటం కనబడ్తలేదా?"

"రాణయితె మాత్రం? నోరు లేదా?"

ఇంకొకావిడ పరీక్షగా చూసి, "ఓయమ్మో, ఇది నిజంగ ఆడిదేనే!" అన్నది. మా వైపు ఆడవేషం ఆడవాళ్లు కట్టరు. గోదామంతా గొల్లుమంది. ఎవరో కుర్రవాడు భాగవతుల తాతను ఎగదోశాడు: "తాతా, నీకంటె సక్కగున్నదే!"

"ఉంటె ఉన్నది. గజ్జె కట్టి నాలుగడుగులు వెయ్యమను, చూస్త" అన్నాడు తాత, తల కూడా తిప్పకుండా.

కథ అడవిలోకి వచ్చింది. రాణి చెట్లను అడిగింది, పుట్టలను అడిగింది. అప్పుడు తిన్నగా మా వైపు తిరిగి, 'నా రాజును చూశారా' అని పాడింది. ఇన్నేళ్ల అలవాటు ఊరుకుంటుందా? నాలుగు ఊళ్ల జనం ఒక్కసారిగా, "చూడలేదు తల్లీ, ముందటికి పో..." అని అందుకున్నారు. 'దొరుకుతడు' అన్న మాట ఇంకా నోళ్లలోనే ఉంది. ఫిడేళ్లు మోగుతూనే ఉన్నాయి, రాణి వెనుదిరిగి ఏరు దాటుతోంది. ఆమె ఆగలేదు.

గోదాములో కలవరం పుట్టింది. "మా మాట ఇననే లేదు!" "జవాబు లేకుంట పాయె!" "ఆపుండ్రి, మళ్ల రమ్మనుండ్రి!" అని కేకలు. మిషను నడిపే హైదరాబాదు సాబు విసుక్కున్నాడు.

"అరె, ఎవర్ని రమ్మంటరు? ఉల్టా తిప్పుడు రాదమ్మా. చుప్ కూసోండ్రి!"

బజారు కుర్రవాళ్లు పగలబడి నవ్వారు. ఆ నవ్వుల మధ్య నా ముందు వరుసలో మా పెద్దమ్మ లేచి నిలబడింది. తెర వైపు చెయ్యి చాచి, ఏడాదిగా మేమెవరమూ వినని గొంతుతో, "ఆగు తల్లీ, జర ఆగు" అన్నది.

నేను ఆమె కొంగు పట్టి లాగాను. "కూసో పెద్దమ్మా. అది బొమ్మ. నీ మాట దానికి ఇనబడదు. అందరు నవ్వుతున్రు" అన్నాను. మా పంతులమ్మ గొంతు ఎంత కరుకుగా ఉండేదో నా గొంతూ అంత కరుకుగా పలికింది. పెద్దమ్మ కూర్చుంది. కొంగు ముఖం మీదికి లాక్కుంది. అప్పుడు నాకు పశ్చాత్తాపం కలిగిందని రాస్తే అబద్ధమవుతుంది. ఒక అల్లరిని అణిచానన్న తృప్తే కలిగింది.

ఉన్నది ఒకటే మిషను. ఒక ఫిలిం చుట్ట అయిపోగానే దీపం వెలిగించి మరొక చుట్ట ఎక్కించేవారు. ఆ దీపం వెలుగులో భాగవతుల తాత లేచాడు. ఆయన మగవాళ్ల వరుస చివర, మాకు కాస్త ముందుగా కూర్చున్నాడు కనుక పెద్దమ్మ మాటా విన్నాడు, నా మాటా విన్నాడు.

"సాబూ, ఈ చుట్ట జర మెల్లగ ఎక్కియ్యి" అన్నాడు.

"టైము లేదు తాతా. పొద్దుగూకక ముందే ఖాళీ చెయ్యాలె. సర్కారు ఇచ్చిన ఇజాజత్ అంతవరకే."

"నీ రాణి ఏరు దాటి పోయింది. నా రాణికి ఒక్క పాటకు జాగా ఇయ్యి."

సాబు ఏమనుకున్నాడో, చుట్ట చేతిలో పట్టుకొని ఊరుకున్నాడు. తాత తెల్లగుడ్డ ముందుకు వెళ్లి నిలబడ్డాడు. నోట్లో ముందరి పళ్లు లేవు, మీసం నెరిసింది, మోకాళ్లు వంగాయి. భుజం మీది గొంగడిని తల మీదికి కొంగులా లాక్కున్నాడు. మళ్లీ నవ్వులు లేచాయి. అయితే ఆయన మొదటి అడుగు వేసేసరికి ఆ నవ్వులు ఆగిపోయాయి. ఆ నడకలో నడివయసు దాటని ఒక స్త్రీ ఉంది, చాలా దూరం నడిచి వచ్చిన స్త్రీ.

ఆయన పాడాడు. కుడి వైపు జనాన్ని అడిగి నిలబడ్డాడు. వాళ్లు జవాబు చెప్పారు. ఎడమ వైపు అడిగి నిలబడ్డాడు, వాళ్లూ చెప్పారు. తరువాత ఆడవాళ్ల వైపు వచ్చి తిన్నగా నా ముందు ఆగాడు.

"చూసినవా బిడ్డా?"

ఆ జవాబు నాకు పుట్టినప్పటి నుంచి తెలుసు. నోరు మాత్రం పెగలలేదు. మా బడిలోనైతే ఈపాటికి వేలు పక్క పిల్ల మీదికి జరిగి ఉండేది. ఆయన కదలలేదు. తొందరపెట్టలేదు, జవాబు అందించలేదు, కళ్లు తిప్పుకోలేదు. నేను జవాబు చెప్పడం తప్ప ఈ లోకంలో ఆయనకు కావలసినది ఇంకేమీ లేదన్నట్టు నిలబడ్డాడు. "చూడలేదు తల్లీ, ముందటికి పో" అన్నాను చివరికి. ఇంకొక మాట మిగిలిందని ఇద్దరికీ తెలుసు. దానికోసమూ ఆగాడు. "దొరుకుతడు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

అప్పుడు పెద్దమ్మ ముందుకు వెళ్లి, అడిగి, నిలబడ్డాడు.

పెద్దమ్మ కొంగు తీసి ముఖం ఎత్తింది. ఆచారం ప్రకారం చెప్పవలసిన మాట ఆమె చెప్పలేదు.

"నువ్వు పదూర్లు తిరిగి వస్తున్నవు తల్లీ. మా ఇంటాయన గిట్ల నీకు కనబడ్డడా? ఎడమ చెవు మీద కుట్టు ఉంటది. నవ్వితె ఒక కన్ను చిన్నగైతది."

అవ్వ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. బాపు తల వంచుకున్నాడు. తలుపు దగ్గర జవాను బీడీ కాలుస్తూ ఆట చూస్తున్నాడు. అతడికి అది పాటలో ఒక భాగమే. పెద్దమ్మ అడిగింది మనుషులను కాదు, రాణిని. కనుక అవ్వ పెట్టిన కట్టడీ చెడలేదు. తాత తనకు తానుగా జవాబేమీ చెప్పలేదు. వెనుదిరిగి, ఆ ప్రశ్ననే రాగంలో ఎత్తి నాలుగు ఊళ్ల జనం ముందు పెట్టాడు: చెవి మీద కుట్టు ఉన్నవాడు, నవ్వితే కన్ను చిన్నదయ్యేవాడు, ఈ దారిన పోయినాడా, చెప్పరయ్యా. పాడి, రెండు చేతులూ చాచి ఆగాడు.

 సాబు చుట్ట ఎక్కించి కూడా దీపం ఆర్పలేదు.

చాలాసేపటికి వెనుక మూల నుంచి ఒక గొంతు వచ్చింది. అది పక్క ఊరి గీతకార్మికుడిదని తరువాత తెలిసింది. రెండు వారాల కిందటే జైలు నుంచి వచ్చి, ఎవరి గడపా తొక్కే ధైర్యం లేక ఇంట్లోనే ఉండిపోయినవాడు, సినిమాకని మొదటిసారి బయటికి వచ్చాడట. అతడూ రాణికే జవాబు చెప్పాడు.

"చూసిన తల్లీ. నేనున్న రాతి ఇంట్లనే ఉన్నడు. జరమొచ్చి నెల దినాలు పండుకున్నడు, మళ్ల లేచిండు. నేను వచ్చేనాడు నాకు తన బువ్వల సగం పెట్టిండు. బతికే ఉన్నడు. ముందటికి పో తల్లీ, దొరుకుతడు."

మద్దెల లేదు. ఎవరో ఖాళీ ఆముదం డబ్బా మీద తాళం అందుకున్నారు. ఆ తాళానికి తాత నాలుగడుగులు వేసి వచ్చి తన చోట కూర్చున్నాడు. ఆయాసంతో ఆయన వీపు ఎగసిపడడం నేను చూశాను. సాబు దీపం ఆర్పాడు. తరువాత సినిమాలో ఏమి జరిగిందో మా ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. రాణికి రాజు దొరికాడని మాత్రం జనం ఈలలను బట్టి తెలిసింది. తిరుగుదారిలో బండ్లలో అందరిదీ ఒకటే తీర్పు: బొమ్మ మంచిగనే ఉన్నది, రాణికే నిదానం లేదు.

బాపు మరునాడే ఆ గీతకార్మికుడిని కలిసి జైలు ఏదో తెలుసుకున్నాడు. వకీలు చేత అర్జీలు రాయించాడు. వానలు పడి ఆముదాలు విత్తే నాటికి పెద్దనాయన ఇంటికి వచ్చాడు, సగం మనిషిగా. లోపల ఏం జరిగిందో ఎవరికీ చెప్పేవాడు కాదు. పెద్దమ్మ ఒక్కసారి అడిగింది. మళ్లీ అడగలేదు, అలాగని ఆ మాటను వదిలిపెట్టనూ లేదు. ఆయన ఎదురుగా కూర్చున్నప్పుడల్లా చేతిలో పని ఆపి, ఆయన ఏదో చెప్పబోతున్నాడన్నట్టు చూసేది. రెండో ఏడు ఒక మధ్యాహ్నం, ఆముదం కాయలు కొడుతూ కొడుతూ ఆయన మాట్లాడడం మొదలుపెట్టాడు. ఆ రోజు ఇంట్లో పొయ్యి వెలగలేదు.

నేను ముప్పై నాలుగేళ్లు పాఠాలు చెప్పాను. నా తరగతి అంటే పిల్లలకు భయమని నాకు తెలుసు. వరుస తప్పితే నేను సహించలేదు, ఇప్పుడూ సహించను. కానీ ఎంత కరుకుగా ఉన్నా, ప్రశ్న అడిగిన తరువాత నా వేలు ఏనాడూ పక్క పిల్ల మీదికి జరగలేదు. జవాబు రానివారి ముందు చేతిలోని పుస్తకం మూసి నిలబడేదాన్ని. గంట కొట్టినా నిలబడేదాన్ని. పాఠాలు పూర్తికావడం లేదని పై అధికారులు రెండుసార్లు సంజాయిషీ అడిగారు. ఆ రెండుసార్లూ నేను రాసిన జవాబు ఒక్కటే: పిల్ల చెప్పబోతున్నది, ఆగాను.