ఇంజనుకు తగ్గ గార్డు పెట్టె

మొన్న వేసవిలో నల్లపాడు దగ్గర రైలు గేటు పడింది. నా ముందున్న ట్రాక్టరు నిండా మిర్చి టిక్కీలు. ఎండకు వేడెక్కిన ఆ గోతాల్లోంచి లేచే ఘాటుకు గేటు దగ్గర ఆగినవాళ్లందరం ఒకరి తర్వాత ఒకరం తుమ్ముతున్నాం. ఇంతలో గూడ్సు బండి వచ్చింది. వ్యాగను వెనక వ్యాగను, ఇనుము మీద ఇనుము దొర్లే ఆ చప్పుడు కాళ్ల కింద నేలలోంచి తెలుస్తోంది. కళ్లు తుడుచుకుంటూ చివరిదాకా చూశాను. చివర గార్డు పెట్టె లేదు. ఆఖరి వ్యాగను కొక్కేనికి తగిలించిన చిన్న డబ్బాలో ఎర్ర దీపం ఆరుతూ వెలుగుతోంది. గేటు లేచింది, బళ్లు కదిలాయి. వెనకవాళ్లు హారన్లు కొడుతున్నా నేను కాసేపు కదలలేకపోయాను. దేవదానం గారు గుర్తొచ్చారు.

ఆయన గూడ్సు గార్డుగా చేసి రిటైరయ్యారు. గుంటూరు మీదుగా మీటరు గేజి చిన్న బళ్లు నడిచినన్నాళ్లూ బండి చివర వరండాలున్న ఆ గోధుమరంగు పెట్టెలో నిలబడి జీవితం గడిపిన మనిషి. గేజి మార్చడానికి పాత పట్టాలు పీకేసిన రోజుల్లోనే ఆయన ఉద్యోగమూ అయిపోయింది. నల్లపాడులో మా వీధికి రెండు వీధుల అవతల ఆయనా, భార్య మరియమ్మ గారూ ఉండేవారు. ఆదివారం ఉదయం ఇద్దరూ చర్చికి వెళ్లొస్తుంటే ఆయన తప్పకుండా రెండడుగులు వెనక నడిచేవారు. "నలభై ఏళ్లయినా ఈయనకి ఇంకా నేను ఇంజన్నే" అని ఆమె దారిన పోయేవాళ్లకు చెప్పి నవ్వించేది.

తొంభైల చివర నేను పత్తి జిన్నింగు మిల్లులో మెషీన్ల ఫిట్టర్ని. ఇరవై ఎనిమిదేళ్లవాణ్ని. మిల్లులో పారేసిన ఇత్తడి ముక్కలతో, టేపురికార్డరు మోటారుతో రెండేళ్లు కూర్చుని జానెడు పొడవు మీటరు గేజి ఆవిరి ఇంజను నమూనా చేశాను. పట్టాల మీద చక్కగా నడిచేది. ఆ సంవత్సరమే స్టేషను దగ్గర ఉద్యోగుల క్లబ్బువాళ్లు పోయిన చిన్న బళ్ల జ్ఞాపకంగా ఒక ప్రదర్శన పెడతామన్నారు. బాగున్న నమూనా బండిని హాల్లో అద్దాల బీరువాలో శాశ్వతంగా ఉంచుతారు. వ్యాగన్లు రేకుతో నేనే వంచుకున్నాను గానీ, గార్డు పెట్టె సన్నపని, నా చేతికి రాలేదు. ఇంజను సంచిలో పెట్టుకుని దేవదానం గారింటికి వెళ్లి, "మీరైతే తెలిసినవారు, దీనికో మంచి గార్డు పెట్టె చూసిపెట్టండి, కొంటాను" అన్నాను.

ఆయన ఇంజను పొగడలేదు. ఒక పాత పోస్టుకార్డు తెచ్చి ఇంజను పక్కన నిలబెట్టి పెన్సిలుతో గీతలు పెట్టారు. వెనక కొక్కెం ఎత్తు ఒక గీత, కప్పు ఎత్తు ఇంకో గీత. తర్వాత ఒక అగ్గిపుల్ల తీసి, డ్రైవరు నిలబడే చోట పెట్టి చూసి, తల కప్పుకు తగలకుండా నిలబడేంత పొడవుకు గోటితో విరిచారు. "ఈయన మన డ్రైవరు. ఇదే పొడుగు మనిషి గార్డు పెట్టె గుమ్మంలోంచి వంగకుండా బయటికి రావాలి. రాలేదంటే అది వేరే దేశపు పెట్టె" అన్నారు. కార్డూ పుల్లా జేబులో వేసుకుని నాతో బయల్దేరారు.

గుంటూరులో రెండు బొమ్మల షాపులు, విజయవాడలో ఒకటి తిరిగాం. షాపు అద్దం బల్ల మీద పెట్టెను ఉంచి నాలుగు మూలలా వేలితో ఒక్కొక్కటే నొక్కేవారు. ఏ చక్రమైనా గాల్లో ఉంటే టక్కున చప్పుడొచ్చేది. ఆ చప్పుడు వింటే వెంటనే పక్కన పెట్టేసేవారు. తర్వాత పోస్టుకార్డు. తర్వాత అగ్గిపుల్ల. తర్వాత చేతిలో తూచి, బరువు అడుగున ఉందో కప్పులో ఉందో చూసేవారు. విజయవాడ షాపులో నాలుగో పెట్టె కూడా వద్దనేసరికి షాపతనికి విసుగొచ్చింది.

"పెళ్లిచూపులా ఏంది పెద్దాయనా ఇవి? ఆడపిల్లకైనా ఇన్ని పరీక్షలు పెట్టరు."

"పెళ్లిలో తేడా వస్తే మొగుడూ పెళ్లాం నాలుగు తిట్టుకుని సర్దుకుంటారు బాబూ. ఇది సర్దుకోదు, పట్టా దిగుతుంది" అన్నారు ఈయన చాలా మర్యాదగా.

తిరిగొచ్చే బస్సులో తాడేపల్లి దాటాక, కిటికీలోంచి చూస్తూ, "నేనే చేస్తానబ్బాయ్" అన్నారు. అప్పటికే ఆయనకు కుడికంట్లో పొర వచ్చింది. నేను వద్దనలేదు.

నాలుగు నెలలు పట్టింది. విరిగిన చర్చి బల్ల టేకుముక్కతో గోడలు, డబ్బా రేకుతో కప్పు. రెండు పక్కలా వరండాలు, వాటికి సూదంత సన్నటి కమ్మీలు. లోపల చొక్కా గుండీ అంత బ్రేకు చక్రం, తిప్పితే నిజంగా తిరిగేది. బరువు అడుగున ఉండాలని పాత బ్యాటరీ సీసం కరిగించి పోశారు. సాయంత్రాలు మిల్లునుంచి వస్తూ నేను అక్కడ ఆగేవాణ్ని. మరియమ్మ గారు, "మీ గార్డు గారు నన్ను కూరగాయలు కూడా తరగనివ్వడం లేదయ్యా, కత్తులన్నీ ఆ పెట్టెకే" అని సణుగుతూ టీ ఇచ్చేది. ఒకరోజు నేను, "ఇంజను చూస్తారుగానీ చివరి పెట్టె ఎవరు చూస్తారండీ, ఇంత కష్టమెందుకు?" అన్నాను. ఆయన ఆకురాయి పక్కన పెట్టారు.

"స్టేషన్లో మాస్టరు బయటికొచ్చి నిలబడేది దేనికనుకుంటున్నావు? ఇంజనుకి దణ్ణం పెట్టడానికి కాదు. బండి దాటిపోయేదాకా నిలబడి, చివరి పెట్టెకి తగిలించిన పలక కనపడితేనే బండి మొత్తం వచ్చిందని రాస్తాడు. అది కనపడలేదంటే దారిలో ఎక్కడో బండి తెగింది, సగం వెనకే ఉండిపోయిందన్నమాట. వెనక ఇంకో బండిని పంపించడు."

పెట్టె పూర్తయ్యాక తన ఆఖరి డ్యూటీలో ఎక్కిన పెట్టె నంబరే దానిమీద తెల్లగా రాశారు. "పేరేమీ వద్దు. నంబరు చాలు. బీరువాలో ఉంటే నేను అప్పుడప్పుడు వెళ్లి చూసుకుంటా" అన్నారు. ఆయన నా దగ్గర కోరుకున్నది అంతవరకే.

ప్రదర్శనకు రెండ్రోజుల ముందు మా మిల్లు మేనేజరు గారు నన్ను పిలిచారు. ప్రదర్శనకు ఆయన ఒక అతిథి. నా బండి సంగతి విని మద్రాసు నుంచి తెప్పించానంటూ ఒక గార్డు పెట్టె చేతిలో పెట్టారు. పచ్చ, పసుపు రంగులు, కిటికీలకు అద్దాలు, లోపల దీపం. దేవదానం గారి పెట్టెను చూపిస్తే, "ఈ మట్టిరంగుదేందయ్యా, తుప్పుపట్టినట్టుంది. ఇది తగిలించు, కళగా ఉంటది" అన్నారు. అప్పుడు మిల్లులో ఫోర్‌మన్ పని ఖాళీగా ఉంది. ఆ పని కోసమే ఒప్పుకున్నానని చెప్పుకుంటే కొంత తేలిక. నిజం అది కూడా కాదు. ఆ మెరిసే పెట్టె పక్కన పెట్టేసరికి గోధుమరంగు పెట్టె నా కంటికీ చిన్నబోయినట్టు కనిపించింది. నాలుగు నెలలు పక్కన కూర్చుని నేర్చుకున్నదంతా ఒక్క క్షణంలో మరచిపోయాను. మరచిపోలేదు కూడా, ఆ మెరిసేదాన్ని అద్దం మీద పెట్టి నొక్కాను, టక్కుమంది. కొక్కెం బియ్యపుగింజంత కిందికి ఉంది. ప్లయరుతో వంచి తగిలించాను.

ఆ ఆదివారం మధ్యాహ్నం క్లబ్బు హాలు నిండిపోయింది. రెండు బల్లలు కలిపి గుండ్రంగా పట్టాలు వేశాను. బల్లకు అవతలివైపు అట్టతో చేసిన కొండ. బండి దాని వెనక మలుపు తిరిగి వచ్చేది, ఆ మలుపు నాకు కనిపించదు. దేవదానం గారు ఇస్త్రీ చేసిన తెల్ల యూనిఫారం వేసుకుని, మరియమ్మ గారితో వచ్చారు. అందరూ ఇంజను దగ్గర గుమిగూడితే ఆయన నేరుగా బండి చివరికి వెళ్లారు. చూశారు. వంగి, దాని వెనక ఇంకేమైనా ఉందేమోనని చూశారు.

"ఏదండీ మన పెట్టె?" అంది మరియమ్మ గారు.

"ఉందిలే. అబ్బాయి ఇవ్వాళ వేరేది తగిలించాడు."

"తర్వాతి రౌండ్లో పెడతానండీ" అన్నాను. ఆ పెట్టె నా సంచిలో బల్ల కింద ఉంది. దాన్ని తీసే ఉద్దేశం నాకు లేదు. ఆయన తలాడించి, జనాన్ని తప్పించుకుంటూ కొండ అవతలికి వెళ్లి నిలబడ్డారు.

రైల్వే ఆఫీసరు ఒకాయన, మేనేజరు గారు నా పక్కనే ఉన్నారు. స్విచ్చి తిప్పాను. బండి రెండు చుట్లు బాగానే తిరిగింది. మూడో చుట్టులో కొండ వెనక్కి వెళ్లింది. అంతలో అవతలనుంచి దేవదానం గారి గొంతు, "ఆపు! బండి తెగింది! ఆపు!" అని. చూశాను. రెండు చేతులూ తలపైకి ఎత్తి నిలబడ్డారు. చేతిలో ఎర్రజెండా లేనప్పుడు రైలువాళ్లు బండి ఆపడానికి చూపించే గుర్తు అది. నాకు తెలుసు. కానీ ఆ క్షణంలో నా నేరం నాకు అడ్డొచ్చింది. తన పెట్టె పెట్టలేదని అందరి ముందూ గొడవకు దిగుతున్నారనుకున్నాను. మొహం తిప్పేసుకుని, ఆఫీసరు గారికి బండి జోరు చూపించాలని స్విచ్చి ఇంకాస్త తిప్పాను.

మలుపు దగ్గర కొక్కెం ఊడి ఆ రంగుల పెట్టె పట్టాల మీదే ఉండిపోయింది. ఇంజను ఒక చుట్టు తిరిగి వచ్చి తన చివరి పెట్టెనే గుద్దింది. ఆ దెబ్బకు ఇంజను బల్ల మీదనుంచి సిమెంటు నేల మీద పడింది. పొగగొట్టం వంగిపోయింది, మోటారు ఇరుసు విరిగింది.

"ఏమైందయ్యా?" అన్నారు ఆఫీసరు గారు.

"ఆయన అలా అరిచేసరికి చెయ్యి బెదిరిందండీ. స్విచ్చి ఎక్కువ తిప్పేశాను" అన్నాను.

అంత తేలిగ్గా నోట్లోంచి వచ్చింది. "ఎవరయ్యా ఆ ముసలాయన? బయటికి తీసుకెళ్లండి" అన్నారు మేనేజరు గారు. అందరూ అటు తిరిగారు. దేవదానం గారి చేతులు ఇంకా పైనే ఉన్నాయి. మెల్లగా దించుకున్నారు. మరియమ్మ గారు ఏదో అనబోతే ఆమె మణికట్టు పట్టుకుని, తలుపువైపు నడిచారు. ఆ రోజు మాత్రం ఆయన ముందు నడిచారు.

ఫోర్‌మన్ పని నాకే వచ్చింది. మిల్లుకు వెళ్లే దారి మార్చుకున్నాను. రేపు వెళ్దాం, ఎల్లుండి వెళ్దాం అనుకుంటూ ఏడాది గడిపాను. ఒకరోజు ఆ వీధిలోకి వెళితే ఇల్లు తాళం వేసి ఉంది. కన్ను బాగా మందగించి చీరాలలో కూతురి దగ్గరికి వెళ్లిపోయారని పక్కింటివాళ్లు చెప్పారు. తాళం చూశాక గానీ నాకు భయం వెయ్యలేదు. మర్నాడే చీరాల వెళ్లాను.

మంచం మీద కూర్చుని ఉన్నారు. నా గొంతు గుర్తుపట్టి, "రా అబ్బాయ్" అన్నారు. నిలబడే మొత్తం చెప్పాను, సంచిలో పెట్టె దాచింది, అబద్ధం చెప్పింది.

"చేతులెత్తింది చూశావా, చూడలేదా?"

"చూశానండీ."

"చూసి ఆపలేదు."

"ఆపలేదండీ."

ఆయన దుప్పటి మడత సరిచేసుకున్నారు. తర్వాత, "ఇరవై తొమ్మిదేళ్లలో నావల్ల బండి పడిందని ఎవరూ అనలేదు. ఆ ఒక్కరోజు అన్నారు. అది కూడా బొమ్మబండి" అని నవ్వబోయారు. నవ్వు సగంలోనే పోయింది.

"క్షమించండి" అన్నాను.

"నాకు చెప్పడం దేనికి? ఏం జరిగిందో నాకు తెలుసుగా. తెలియనిది ఆ హాల్లో ఉన్నవాళ్లకి. వాళ్లకి చెప్పు."

నేను వెళ్లబోతే మరియమ్మ గారు గుమ్మంలో అడ్డం నిలబడింది. "కూర్చో, అన్నం తిని పో. కోపం నాకుంది, అన్నానికేం లేదు" అంది. గోంగూర పచ్చడితో పెట్టింది. రెండోసారి అడక్కుండానే వడ్డించింది.

మేనేజరు గారికి చెప్పాను. "ఎప్పటి సంగతయ్యా, వదిలెయ్" అని నవ్వేశారు. క్లబ్బు సెక్రటరీకి చెప్పాను, ఆయన తలదించుకుని విన్నాడు. హాల్లో చూసిన ముఖాలు గుర్తున్నంతవరకూ ఒక్కొక్కరి ఇంటికీ వెళ్లాను. కొందరు, "ఏ ముసలాయన?" అన్నారు. అలా మరచిపోయినవాళ్లకు కూడా మొదటినుంచి చెప్పాల్సి వచ్చింది, అదే అన్నిటికంటే కష్టం. నెలకోసారి చీరాల వెళ్లి చెప్పేవాణ్ని. ఆయన వింటూ, "ఇంకా ఎవరున్నారు?" అని మాత్రమే అడిగేవారు. ఆ ప్రశ్నలో కోపం లేదు, తొందరా లేదు. రెండేళ్ల తర్వాత ఆయన పోయారు. పోయేనాటికి కూడా ఆ ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు లేదు.

ఆఫీసరు గారు ఎప్పుడో బదిలీ అయ్యారు, రాసిన ఉత్తరానికి జవాబు రాలేదు. పిల్లల్ని ఎత్తుకుని నిలబడ్డ ఆడవాళ్లు, కిటికీల దగ్గర నిలబడి చూసినవాళ్లు, పేరు తెలియని ముఖాలు ఇంకా ఎన్నో. తెల్లబట్టలు వేసుకున్న ఒక పెద్దాయన పిచ్చిగా అరిచి ఒక కుర్రాడి బండి పాడుచేశాడని వాళ్లు ఇళ్లకు వెళ్లి చెప్పుకునే ఉంటారు. వాళ్లలో ఎవరైనా ఇది చదువుతుంటే, మీకోసమే రాశాను. ఆయన పేరు దేవదానం. అరవాల్సిన క్షణానికే అరిచారు. ఆయన చేతులెత్తడం నాకు కనిపించింది. ఆపనిది నేను.